అడవి, జలపాతం ఉన్నాయి, గ్రాంటూ వస్తోంది. ఎకోటూరిజంతో మా ప్రాంతం బాగుపడుతుందా?

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు ఒకసారి చెబుతాను. మీ ప్రాంతంలో దట్టమైన అడవి, ఒక జలపాతం ఉన్నాయి. శీతాకాలంలో వలస పక్షులు వస్తాయి. చుట్టూ ఉన్న ఏడెనిమిది ఊళ్ల నుంచి యువతీయువకులు పని కోసం నగరాలకు వెళ్లిపోతున్నారు. మీరు పదిహేను మంది ఒక సంఘంగా ఏర్పడ్డారు. ఎనిమిది కాటేజీలు కట్టుకోవడానికి గ్రాంటు వచ్చేలా ఉంది, దరఖాస్తుకు మూడు నెలల గడువు ఉంది. ఊరివాళ్లే నడుపుకునే ఎకోటూరిజం ప్రాంతాన్ని నిలబెడుతుందా, వలస ఆగుతుందా, ముందు ఏం చేయాలి అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే: ఎకోటూరిజం ఒక్కటే ఏ ప్రాంతాన్నీ నిలబెట్టదు. ఉన్న బతుకుతెరువుకు తోడుగా పెట్టుకుంటే మాత్రం బాగా పనికొస్తుంది. కాటేజీలతో మొదలుపెట్టకండి. అతిథిని ఎవరు తీసుకొస్తారు, అడవి మీద మీకున్న హక్కు ఏమిటి, డబ్బు ఎవరి చేతిలో ఉంటుంది అన్న మూడు విషయాలు తేలాకే ఇటుక కొనండి.

ఇరవై ఏళ్లకు పైగా ఇదే పనిలో ఉన్నాను. మొదట్లో కొండదారుల్లో గైడుగా తిరిగాను. తర్వాత గ్రామ సంఘాలకు లెక్కలు, అతిథుల నిర్వహణ నేర్పే పనిలోకి వచ్చాను. నేను చూసిన సంఘాల్లో నిలిచినవాటి కంటే మూతబడినవే ఎక్కువ. అందుకే నా సమాధానంలో ఉత్సాహం కంటే జాగ్రత్త ఎక్కువగా కనిపిస్తే ఏమీ అనుకోకండి.

ముందు కాటేజీల సంగతి. నేను మొదట పని చేసిన ఊళ్లో గ్రాంటు డబ్బుతో ఆరు కాటేజీలు లేచాయి. ప్రారంభోత్సవానికి పెద్దలు వచ్చారు, రిబ్బన్ కత్తిరించారు. ఆ ఏడాది వచ్చిన అతిథులను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మూడో ఏడు నేను మళ్లీ వెళ్లేసరికి రెండు కాటేజీల్లో పశువుల మేత ఉంది, ఇంకొకదానిలో ఎవరిదో పెళ్లి సామాను. నాకు కోపం రాలేదు. ఖాళీగా పడి ఉన్న కప్పు కింద గడ్డి దాచుకోవడం తెలివైన పనే. తప్పల్లా ఆ కప్పు ఎవరి కోసమో తేల్చుకోకుండా వేయడంలో ఉంది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు అయింది.

ఇది ఆ ఊరి ఒక్కదాని కథ అయితే నేను ఇంత గట్టిగా చెప్పేవాడిని కాదు. అమెరికా ఖండాల్లో ఇలాంటి దాదాపు 200 ప్రాజెక్టులను పరిశీలించిన ఒక సర్వే ఫలితాలు 2008లో చర్చకు వచ్చాయి. బస ఏర్పాటు చేసిన చాలా చోట్ల పడకలు నిండింది 5 శాతం మాత్రమే. అంటే నూరు రాత్రులకు తొంభై అయిదు రాత్రులు మంచం ఖాళీ. అవన్నీ అందమైన చోట్లే. అందం లేక కాదు, అక్కడికి మనిషిని నడిపించుకుని వచ్చే దారి లేక.

గ్రాంటు ఇచ్చేవారికి గోడ కనిపిస్తుంది, ఫొటోలో నిలుస్తుంది. ఒక పర్యటన సంస్థతో ఆరు నెలలు కూర్చుని మాట్లాడి, వాళ్లకు నమ్మకం కలిగించి, ఏడాదికి ఇన్ని బృందాలు పంపుతామని రాయించుకోవడం ఏ ఫొటోలోనూ కనిపించదు. కాబట్టి దానికి గ్రాంటు దొరకదు. కానీ ఊరిని నిలబెట్టేది అదే. పెరూలో తంబొపాత నది ఒడ్డున ఉన్న ఇన్‌ఫియెర్నో సముదాయాన్ని చూడండి. వాళ్లు 1996లో రెయిన్‌ఫారెస్ట్ ఎక్స్‌పెడిషన్స్ అనే ప్రైవేటు సంస్థతో ఇరవై ఏళ్ల ఒప్పందం చేసుకున్నారు. లాభంలో 60 శాతం సముదాయానికి, 40 శాతం సంస్థకు. నిర్ణయాల్లో మాత్రం ఇద్దరికీ సమాన భాగం. అలా పుట్టిందే పొసాదా అమజోనాస్ లాడ్జి. అతిథులను తేవడం సంస్థకు తెలుసు, నదీ అడవీ ఊరికి తెలుసు. ఎవరికి తెలిసిన పని వాళ్లు చేశారు. ఆ ఇరవై ఏళ్లలో ఊరివాళ్లు లాడ్జి నిర్వహణ నేర్చుకోవాలన్నది కూడా ఒప్పందంలో ఉద్దేశమే. “బయటి సంస్థ వద్దు, అంతా మేమే చేసుకుంటాం” అనే పౌరుషం నాకూ ఇష్టమే. అయితే మొదటి ఐదేళ్లకు ఆ పౌరుషం ఖరీదు చాలా ఎక్కువ.

ఇక హక్కు. చాలామంది ఈ మెట్టును దాటేసి వెళ్లిపోతారు. జలపాతం మీ ఊరి పక్కన ఉన్నంత మాత్రాన మీది కాదు. అది అటవీశాఖది కావచ్చు, నీటిపారుదల వారిది కావచ్చు, ఎవరో ఒక భూయజమానిది కావచ్చు. పది మంది వచ్చినంత కాలం ఎవరూ పట్టించుకోరు. రోజుకు మూడు వందల మంది రావడం మొదలయ్యాక పార్కింగుకు టెండరు పడుతుంది, టికెట్టు కిటికీ వస్తుంది, దానిలో కూర్చునేది మీ సంఘం మనిషి కాదు. నేను ఇది కళ్లారా చూశాను. నాలుగేళ్లు దారి చదును చేసి, బోర్డులు పెట్టి, చెత్త ఏరిన కుర్రాళ్లు చివరికి అదే గేటు దగ్గర టికెట్టు కొనుక్కుని లోపలికి వెళ్లారు.

నమీబియా అనుభవం ఇక్కడ చాలా నేర్పుతుంది. అక్కడ 1996లో చట్టాన్ని సవరించి, తమ భూమిలోని వన్యప్రాణుల మీద, పర్యాటకం మీద వచ్చే ఆదాయపు హక్కును గ్రామీణ సముదాయాలకు ఇచ్చారు. దానికి షరతులున్నాయి: సరిహద్దులు గీసుకోవాలి, సభ్యుల జాబితా ఉండాలి, నియమావళి ఉండాలి, లాభాలు పంచే పద్ధతి రాసుకోవాలి. ఇలా హక్కు పొందిన సముదాయ ప్రాంతాలను కన్సర్వెన్సీలు అంటారు. 1998లో మొదటి నాలుగు నమోదయ్యాయి. ఇప్పుడు అవి ఎనభైకి పైగా ఉన్నాయి, దేశ భూభాగంలో దాదాపు అయిదో వంతు వాటి కిందికి వస్తుంది. చట్టం ఒక చేత్తో హక్కునిచ్చి, ఇంకో చేత్తో లెక్క అడిగింది. ఈ రెండూ కలిసి రాకపోతే కథ నడవదు. మీ దేశపు చట్టం అంత దూరం పోకపోవచ్చు. కనీసం అటవీశాఖతోనో స్థానిక పాలనతోనో రాతపూర్వకంగా ఒక ఒప్పందం తెచ్చుకోండి. ఎన్నేళ్లకు, ఏ దారికి, ప్రవేశ రుసుములో ఎవరి వాటా ఎంత అన్నవి దానిలో ఉండాలి. అధికారి మంచివాడు, నోటిమాట చాలన్నాడు అంటారేమో. ఆ మంచి అధికారికి బదిలీ ఉంటుంది.

ఇప్పుడు డబ్బు దగ్గరికి వద్దాం. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే సంఘాలు విడిపోయేది ఇక్కడే.

ఒక లోయలో నాకు తెలిసిన సంఘం చాలా చక్కగా నడిచేది. పన్నెండు ఇళ్లు, వంతులవారీగా అతిథులు, మంచి పేరు. బుకింగులన్నీ ఒకే కుర్రాడి సొంత ఫోనుకు వచ్చేవి. చురుకైనవాడు, నిజాయితీపరుడు, ఇంగ్లీషు వచ్చినవాడు. ఆరేళ్ల తర్వాత పెళ్లయి వేరే ఊరికి వెళ్లిపోయాడు. నంబరు అతనితోనే వెళ్లింది. ఏజెంట్లు, పాత అతిథులు, వాళ్ల స్నేహితులు అందరూ అతనికే ఫోను చేసేవారు. అతను “ఇప్పుడు నేను అక్కడ లేను” అనేవాడు, వాళ్లు “సరే” అని వేరే చోటు చూసుకునేవారు. ఎవరూ మోసం చేయలేదు. కానీ ఆరేళ్ల వ్యాపారం ఒక సిమ్‌కార్డులో ఉండిపోయింది. ఫోను నంబరు, ఈమెయిలు, బ్యాంకు ఖాతా, అతిథుల జాబితా సంఘం పేరున ఉండాలి. ఇది చాలా చిన్న విషయంలా అనిపిస్తుంది. మొదటి రోజు చేస్తే చిన్నదే.

లెక్కల విషయంలో అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం అన్న సామెత నా దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. దొంగతనం చాలా అరుదు. అనుమానం మాత్రం ప్రతి ఊళ్లో ఉంటుంది, సంఘాన్ని తినేసేది ఆ అనుమానమే. మందు ఒక్కటే: నెలకోసారి అందరి ముందు లెక్క పైకి చదవడం. చదువు రానివారు కూడా వినేలా, ప్రతి అతిథి బృందం పేరుతో, ఏ ఇంటికి ఎంత, గైడుకు ఎంత, ఉమ్మడి నిధికి ఎంత అని. ఉమ్మడి వనరులను జనం తామే నియమాలు పెట్టుకుని ఎలా కాపాడుకుంటారో జీవితమంతా పరిశోధించి, 2009లో నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రోమ్ చెప్పినవాటిలో నాకు ఎక్కువ పనికొచ్చింది ఇదే. కాపలా కాసేవారు సభ్యులకు జవాబుదారీగా ఉండాలి, తప్పు చేస్తే శిక్ష చిన్నదిగా మొదలై మెల్లగా పెరగాలి. మొదటి తప్పుకే వెలివేస్తే ఆ కుటుంబం మొత్తం సంఘానికి శత్రువవుతుంది. ఊళ్లో శత్రువులతో హోమ్‌స్టే నడపలేం.

వంతుల గురించి కూడా ఒక మాట. వంతులవారీ పద్ధతి న్యాయంగా కనిపిస్తుంది, ఏడాది తిరిగేసరికి గొడవ మొదలవుతుంది. ఒక ఇల్లు శుభ్రంగా ఉంటుంది, ఇంకో ఇల్లు ఉండదు. అతిథులు ఫలానా ఇల్లే కావాలంటారు. శుభ్రంగా ఉంచే ఇంటావిడ “నా కష్టానికి ఫలితం వేరేవాళ్లకెందుకు” అంటుంది, ఆ మాటలో న్యాయం ఉంది. మేము ఒక ఊళ్లో చేసిన సర్దుబాటు ఇది: అతిథి పేరుపెట్టి ఇల్లు అడిగితే ఆ ఇంటికే పంపుతారు, కానీ వంతు దాటి వచ్చిన ప్రతి రాత్రికీ ఆ ఇల్లు ఉమ్మడి నిధికి రెట్టింపు వాటా ఇస్తుంది. నిధి నుంచి వెనకబడిన ఇళ్లకు మరుగుదొడ్డి బాగుచేయించారు. గొడవ పూర్తిగా పోలేదు, నడవగలిగే స్థాయికి దిగింది. మీ ఊరికి ఇదే సరిపోతుందని నేను అనను. కానీ గొడవ వస్తుందని ముందే ఊహించి, ఎలా తేల్చుకోవాలో రాసి పెట్టుకోండి.

పని ఎవరి మీద పడుతుందో కూడా చూడాలి. మీ పదిహేను మందిలో ఆడవాళ్లు ఎంతమందో మీరు రాయలేదు. అతిథి వస్తే నీళ్లు తోడేది, వండేది, పక్కబట్టలు ఉతికేది ఎక్కువ చోట్ల వాళ్లే. ఒక శిక్షణ సమావేశం చివర్లో ఒక పెద్దావిడ నన్నడిగింది: “బాబూ, వాళ్లు రోజుకు రెండుసార్లు స్నానం చేస్తారట. ఆ నీళ్లు ఎవరు మోస్తారో నీ కాగితంలో ఉందా?” లేదు. ఆ రోజు నుంచి నా కాగితంలో మొదటి వరుస అదే. నీళ్లు, కట్టెలు, చెత్త ఈ మూడింటికీ జవాబు లేకుండా అతిథిని పిలవకండి. ఇంటి ఖాతాలో పడే డబ్బు ఎవరి పేరున పడుతుందో అడగండి. పని ఆవిడది, ఖాతా ఆయనది అయితే రెండో ఏడు ఆవిడ నవ్వు మాయమవుతుంది, అతిథి దాన్ని వెంటనే గమనిస్తాడు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, ప్రాంతం సంగతి. ఒక ఊళ్లో పన్నెండు ఇళ్లకు ఆదాయం రావడం వేరు, ఏడెనిమిది ఊళ్లు కోలుకోవడం వేరు. అతిథి ఇచ్చిన డబ్బు ఎన్ని చేతులు మారాక ప్రాంతం దాటిపోతుందన్నదే తేడా. ఒకసారి ఒక సంఘంతో నెల రోజుల బిల్లులన్నీ ఒక చోట పరిచి చూశాం. కూరగాయలు, గుడ్లు, సబ్బు, దుప్పట్లు, వాహనం, చివరికి చీపుర్లు కూడా పట్నం నుంచే. అక్కడికి అయిదు కిలోమీటర్ల దూరంలో చీపుర్లు కట్టే ఊరు ఉంది. ఎవరికీ తట్టలేదు, అంతే. తర్వాతి ఏడాది కొత్త కాటేజీ ఏదీ కట్టకుండానే చుట్టుపక్కల నాలుగు ఊళ్లకు ఆదాయం వెళ్లింది, కొనే చోటు మార్చినందుకు. జలపాతం లేని ఊరు కూడా ఈ పనిలోకి వచ్చే దారి ఇదే. గుడ్లు సరఫరా చేసే ఊరు, దుప్పట్లు నేసే ఊరు, సోలారు దీపాలు బాగుచేసే కుర్రాడు ఉన్న ఊరు. మొదటి నెల నుంచే కొనుగోళ్ల పుస్తకం రాయండి. ఏది ఎక్కడ కొన్నామో మాత్రమే చాలు.

డబ్బును ఇలా పక్క ఊళ్లకు పంచకపోతే ఏమవుతుందో చెప్పడానికి మధ్య అమెరికాలోని బెలీజ్ అనే చిన్న దేశం మంచి ఉదాహరణ. అక్కడ 1985లో నల్ల హౌలర్ కోతుల కోసం పన్నెండు మంది రైతులు తమ సొంత భూముల్లో చెట్లు కాపాడతామని స్వచ్ఛందంగా సంతకాలు చేశారు. తర్వాత ఏడు ఊళ్లు చేరాయి. నాకెంతో ఇష్టమైన ప్రయత్నం. కానీ మ్యూజియం, సందర్శకుల కేంద్రం బెర్ముడియన్ లాండింగ్ అనే ఒక్క ఊళ్లో ఉండడంతో పర్యాటకుల డబ్బు ఎక్కువగా అక్కడే ఆగింది. చెట్లు మాత్రం అందరూ కాపాడాలి. మిగతా ఊళ్ల అసంతృప్తిని తప్పుపట్టలేం.

నేపాల్‌లోని అన్నపూర్ణ ప్రాంతంలో 1986లో మొదలైన ప్రాజెక్టు దీనికి కొంత విరుగుడు కనిపెట్టింది. ట్రెక్కర్ల నుంచి వసూలు చేసిన ప్రవేశ రుసుమును దారులకు, తాగునీటికి, పాఠశాలలకు, మొక్కల పెంపకానికి అక్కడే ఖర్చు పెట్టారు. లాడ్జి యజమానులు కమిటీలుగా ఏర్పడి ధరలు ఒక్కటిగా నిర్ణయించుకున్నారు, కొన్ని చోట్ల వంటకు కట్టెలు మాని కిరోసిన్‌కు మారారు. అయినా ట్రెక్కింగు దారికి దూరంగా ఉన్న ఊళ్లకు అందింది తక్కువే. తర్వాత మోటారు రోడ్డు పడ్డాక, నడకదారి మీద ఆధారపడిన కొన్ని ఊళ్లలో రాత్రి ఆగేవారు తగ్గిపోయారు. రోడ్డు వచ్చినందుకు రోగులు ఆసుపత్రికి త్వరగా వెళ్లగలుగుతున్నారు, పంట త్వరగా అమ్ముడవుతోంది. లాడ్జి యజమాని నష్టాన్ని చూపించి రోడ్డు వద్దనడం నా వల్ల కాదు. ప్రాంతం అన్నప్పుడు ఇలాంటి లెక్కలు ఒకదానికొకటి అడ్డం వస్తాయి, వాటిని దాచకుండా ఊరి సభలో పెట్టడమే మనం చేయగలిగింది.

వలస ఆగుతుందా అన్నారు. కొందరికి ఆగుతుంది, కొందరికి వేగం పెరుగుతుంది. మా దగ్గర శిక్షణ పొందిన గైడుల్లో మంచి భాష, మంచి మాటతీరు అబ్బినవారిని నగరాల్లోని హోటళ్లు ముందుగా ఎత్తుకుపోయాయి. నేను దీన్ని ఓటమిగా చూడను, కానీ మీ దరఖాస్తులో “వలస నివారణ” అని రాసి మాట ఇవ్వకండి. నడివయసు ఆడవాళ్లు, బయటికి వెళ్లి తిరిగి వచ్చినవాళ్లు ఈ పనిలో ఎక్కువ కాలం నిలుస్తారు. శిక్షణకు వాళ్లను ముందు పెట్టండి.

ఎంతమందిని రానివ్వాలి? “మా జలపాతం రోజుకు ఎంతమందిని భరిస్తుంది” అని ఒక అంకె అడుగుతారు. అలాంటి అంకె ప్రకృతిలో ఎక్కడా రాసి ఉండదు. అమెరికా అటవీ సేవ వాళ్లు 1985లో ప్రశ్నను తిరగేశారు: ఎంతమంది అని కాదు, ఎంత మార్పును మనం ఒప్పుకోగలం అని. ఇది ఊళ్లో చేయడం తేలిక. దారి ఎంత వెడల్పు అయింది, పక్షుల గూళ్లు ఎన్ని ఉన్నాయి, వాగు నీరు ఎప్పుడు మురికిగా ఉంది, శబ్దం ఎప్పుడు విసుగు పుట్టించింది. నాలుగు గుర్తులు పెట్టుకుని నెలనెలా కొలవండి. గీత దాటితే ఏం చేస్తారో ముందే రాసుకోండి. జనం పెరిగాక గీయబోతే గీత ఎవరూ గీయనివ్వరు. థాయ్‌లాండ్‌లోని మాయా బే అనే చిన్న తీరానికి రోజుకు వేలమంది వచ్చేవారు, పగడాలు దెబ్బతిన్నాయి. 2018 జూన్‌లో మూసేస్తే మళ్లీ తెరిచింది 2022 జనవరిలో, అదీ పడవలను తీరంలోకి రానివ్వకుండా, జనానికి పరిమితి పెట్టి. మూసినన్నాళ్లలో సొరచేపలు తిరిగి వచ్చాయి. ప్రకృతి కోలుకుంది, కానీ మూడున్నరేళ్లు మూసి ఉంచే స్తోమత మీ సంఘానికి ఉంటుందా?

ఇంకో హెచ్చరిక. 2020లో ప్రపంచవ్యాప్తంగా విదేశీ పర్యాటకుల రాక ఒక్కసారిగా 70 శాతానికి పైగా పడిపోయింది. మా సంఘాల్లో పొలం, పశువులు వదలకుండా ఉన్నవాళ్లు ఆ రెండేళ్లు గట్టెక్కారు. పొలం అమ్మి రెండో అంతస్తు వేసిన ఇద్దరు ఇప్పటికీ అప్పు కడుతున్నారు. కుటుంబ ఆదాయంలో పర్యాటకం వాటా మూడో వంతు దాటుతుంటే నాకు భయం వేస్తుంది. ఇది శాస్త్రీయ సూత్రం కాదు, నా అనుభవం పెట్టుకున్న హద్దు.

ఇక గ్రాంటు. వదులుకోమని నేను చెప్పను. మూడు నెలలు ఉన్నాయి కదా, ఈలోగా ఉన్న ఇళ్లలోనే మూడు గదులు శుభ్రం చేసి, తెలిసినవారి ద్వారా నాలుగైదు బృందాలను పిలవండి, డబ్బు తీసుకునే పిలవండి. ఉచితంగా వచ్చిన అతిథి నిజం చెప్పడు. వాళ్లు వెళ్లేటప్పుడు “మళ్లీ వస్తారా, ఎవరికైనా చెబుతారా, దేనికి ఇబ్బంది పడ్డారు” అని అడిగి రాసుకోండి. ఆ కాగితాలు జతచేసి, ఎనిమిది కాటేజీలకు బదులు రెండు గదుల మరమ్మతు, మరుగుదొడ్లు, వాగు దగ్గర చెత్త ఏర్పాటు, పక్షుల గైడులకు బైనాక్యులర్లు, ఏడాదిపాటు బుకింగులు చూసే ఒక మనిషి జీతం అని మార్చి దరఖాస్తు పెట్టండి. కొన్ని గ్రాంటుల్లో భవనానికి తప్ప దేనికీ డబ్బు ఇవ్వరు. అప్పుడు కాటేజీలు కాకుండా ఒక ఉమ్మడి హాలు అడగండి. అతిథులు రాకపోయినా ఊరికి పెళ్లిళ్లకు, సభలకు, పిల్లల చదువుకు ఉపయోగపడుతుంది. జలపాతం భూమి ఎవరి పేరున ఉందో తెలుసుకుని ఇక్కడే రాస్తే, ఒప్పందంలో ఏ షరతులు పెట్టుకోవాలో విడిగా చెబుతాను.